జేసన్ కాంప్సన్ లెక్క

1928 ఏప్రిల్ 6, గుడ్ ఫ్రైడే. మిసిసిపీలో జెఫర్సన్ అనే ఊరు. హార్డ్‌వేర్ కొట్లో గుమాస్తాగా చేసే జేసన్ కాంప్సన్, ఊరికొచ్చిన ఒక సేల్స్‌మన్‌ని కూల్‌డ్రింక్ తాగడానికి తీసుకెళ్ళి పత్తి ధరల గురించి ఉపన్యాసం మొదలుపెడతాడు. పండించేది రైతు, తినేది న్యూయార్క్ యూదులు అంటాడు. యూదుల్లో ఫలానా మనిషి అని నాకెవరి మీదా కోపం లేదు, మంచివాళ్ళని కూడా చూశాను, నా గొడవంతా ఆ జాతితోనే అంటాడు. ఎవరో కష్టపడి కొత్త దేశానికి వెళ్ళి స్థిరపడితే వీళ్ళు వెనకాలే వెళ్ళి బట్టలమ్ముకుంటారు, అంతకుమించి చేసేదేమీ లేదు అంటాడు. ఎదుటివాడు తాపీగా, "మీరు చెప్పేది ఆర్మీనియన్ల గురించేమో? అడవిలో బతికేవాడికి కొత్త బట్టలెందుకు?" అంటాడు.

జేసన్ ఆగడు. ఆ మాట తనకి తగిలిందని కూడా అతనికి తెలియదు. కానీ దాన్ని పొల్లుపోకుండా మనకి అప్పజెప్పింది అతనే. విలియం ఫాక్నర్ రాసిన 'ది సౌండ్ అండ్ ది ఫ్యూరీ' మూడో భాగమంతా ఇతని నోటితోనే నడుస్తుంది. ఆ భాగం ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఈ ఒక్క సంభాషణ చాలు. "మాకు కులపట్టింపులేం లేవండీ, కానీ..." అని మొదలయ్యే మాటలు వింటూ పెరిగిన మనకి జేసన్ వరస కొత్తగా ఉండదు. ఆ 'కానీ' తర్వాత వచ్చేదంతా మనకి కంఠతా.

ఈ నవల గురించి మాట్లాడినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఆడవాళ్ళన్నా, నల్లవాళ్ళన్నా, యూదులన్నా, రైతులన్నా, చదువుకున్నవాళ్ళన్నా, ఆఖరికి ఊరి నడిబొడ్డున ఎగిరే పిట్టలన్నా పడని ఈ మనిషి వాగుడు అన్ని పేజీలు మనమెందుకు భరించాలి? ఫాక్నర్ కూడా తాను ఊహించినవాళ్ళలో పరమ దుర్మార్గుడు ఇతనేనని చెప్పాడు. మరి అలాంటివాడికి మైకు ఇవ్వడమెందుకు?

నా జవాబు కొంచెం ఇబ్బంది పెట్టేది. ఆ పుస్తకం మొత్తంలో చదవడానికి హాయిగా ఉండే భాగం అదే.

1929లో వచ్చిన ఈ నవలకి నాలుగు భాగాలు. మొదటిది జేసన్ తమ్ముడు బెంజీది. ముప్పై మూడేళ్ళొచ్చినా మాట రానివాడు, నిన్నకీ ఇరవయ్యేళ్ళ కిందటికీ తేడా తెలియనివాడు. ఒక వాక్యంలో పెద్దవాడిగా కంచె దాటితే, తర్వాతి వాక్యంలో చిన్నపిల్లాడై అక్క క్యాడీ చెయ్యి పట్టుకుని ఉంటాడు. రెండోది పెద్దన్న క్వెంటిన్‌ది. 1910 జూన్‌లో, హార్వర్డ్‌లో చదువుతూ ఆత్మహత్య చేసుకున్న రోజున అతని బుర్రలో తిరిగినదంతా. అందులో కొన్ని పేజీల పాటు ఫుల్‌స్టాప్ కూడా దొరకదు. ఈ రెండూ దాటుకుని వచ్చేసరికి పాఠకుడి పని అయిపోతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో తెలియక తల దిమ్మెక్కిపోతుంది. (మేనమామ పేరే మేనకోడలికి కూడా పెట్టి, క్వెంటిన్ అంటే అతనా ఆమెనా అని కొట్టుకునేలా చేసినందుకు ఫాక్నర్ మీద నాకు ఇప్పటికీ కోపమే.)

అప్పుడు జేసన్ గొంతు విప్పుతాడు. ఒకసారి చెడిన ఆడది ఎప్పటికీ చెడిందే, నేననేదదే, అని మొదలుపెడతాడు. అసలు వాక్యం ఇంతకన్నా చాలా మోటు. ఆ మాట అంటున్నది పదిహేడేళ్ళ మేనకోడలు, అంటే క్యాడీ కూతురి గురించి. ముఖం తిప్పుకోవాలి మనం. కానీ నిజంగా జరిగేదేమిటంటే, హమ్మయ్య అనుకుంటాం. పొద్దున లేచాడు, బ్రేక్‌ఫాస్ట్ చేశాడు, పిల్లని బడి దగ్గర దింపాడు, కొట్టుకెళ్ళాడు, టెలిగ్రాఫ్ ఆఫీసుకెళ్ళాడు. కాలం వరసగా నడుస్తుంది. వాక్యాలకి మొదలూ చివరా ఉంటాయి. ప్రతి సంఘటనకీ ఒక కారణం, ప్రతి కారణానికీ ఒక దోషి. బెంజీకి ప్రేమ ఉంది, మాట లేదు. క్వెంటిన్‌కి మాటలున్నాయి, వాటిని పట్టి ఉంచే దారం లేదు. మన చెయ్యి పట్టుకుని ఇంట్లో ఏం జరుగుతోందో గడగడా చెప్పగలిగినవాడు ద్వేషించేవాడొక్కడే.

ఈ వరసని కాకతాళీయం అని నేననుకోను. ద్వేషం ఎప్పుడూ సులువుగా అర్థమవుతుంది. ఫోన్లలో తిరిగే మెసేజీల్లో ఏవి గబగబా చదివేస్తామో చూసుకుంటే చాలు.

పైగా జేసన్ నవ్విస్తాడు. కొట్లో పనిచేసే నల్ల ముసలాయన జోబ్ పొలం పనిముట్ల పెట్టెలు తాపీగా విప్పుతుంటే, ఆ సామాను కోసం ఎదురుచూసే పత్తికాయ పురుగువి కానందుకు సంతోషించు అని వెటకారమాడతాడు. జోబ్ దానికి, ఆ పురుగు వారంలో ఏడు రోజులూ ఎండనకా వాననకా పనిచేస్తుంది, అరుగు మీద కూర్చుని పుచ్చకాయలు ఎదగడం చూసుకునే రాత దానికి లేదు, దానికి శనివారమన్నా లెక్కలేదు అంటాడు. నీకు జీతమిచ్చేది నేనయితే నీకూ శనివారం ఉండేది కాదు అంటాడు జేసన్. ఈ మాటల పోటీలో నేను నవ్వాను, ఇప్పుడు మళ్ళీ చదివినా నవ్వుతాను. అయితే గెలిచింది జోబ్. ఆ తర్వాత ఇంకో చోట ఆయనే, నీ తెలివికి ఈ ఊళ్ళో ఎవడూ సరిపోడు, తనని తనే అందుకోలేనంత తెలివైనవాణ్ణి కూడా నువ్వు బోల్తా కొట్టిస్తావు అంటాడు. ఎవరయ్యా ఆ తెలివైనవాడు అని అడుగుతాడు జేసన్. ఇంకెవరు, జేసన్ కాంప్సన్ గారే, అంటాడు జోబ్.

ఇది కూడా జేసనే మనకి చెప్తాడు. అతన్ని నమ్మదగని కథకుడు అనేసి ఊరుకుంటే అతనేం చేస్తున్నాడో మనకి పట్టుబడదు. జరిగింది చెప్పడంలో అతను అబద్ధమాడడు. ఎవరేమన్నారో, తనేం చేశాడో, జేబులో ఎంత వేసుకున్నాడో టేప్ రికార్డర్‌లా చెప్తాడు. దాని అర్థమేమిటన్న దగ్గరే తప్పుతాడు. సాక్ష్యం అతనే ఇస్తాడు, తీర్పు తనకి అనుకూలంగా వస్తుందని చివరిదాకా ధీమాగా ఉంటాడు. అందుకే ఫాక్నర్ పక్కనుంచి వచ్చి ఇతను చెడ్డవాడు అని ఒక్క ముక్క కూడా చెప్పక్కర్లేదు.

టిక్కెట్ల సంగతి చూడండి. ఊళ్ళోకి ఒక షో కంపెనీ వచ్చింది. జేసన్ చేతిలో రెండు ఫ్రీ పాసులున్నాయి, అతనికి వెళ్ళే ఉద్దేశం లేదు. వంటింట్లో డిల్సీ మనవడు లస్టర్ షో చూడాలని తపించిపోతున్నాడు. డిల్సీ ఆ ఇంట్లో వంట చేసి, ఈ పిల్లలందరినీ పెంచిన మనిషి. టిక్కెట్ కావాలా, ఐదు సెంట్లివ్వు అంటాడు జేసన్. నా దగ్గర లేవండీ అంటాడు కుర్రాడు. జేసన్ ఒక పాసుని పొయ్యిలో పడేస్తాడు. నీకు సిగ్గులేదూ అంటుంది డిల్సీ. నెల రోజులు రోజూ మీ కారు టైర్లు చూస్తానండీ అని బతిమాలతాడు లస్టర్. నాకు కావలసింది డబ్బు, ఐదు సెంట్లయితే నీదే అంటాడు జేసన్ రెండో పాసు చూపిస్తూ. చివరికి డిల్సీయే, వాడి దగ్గర లేవని తెలుసుగా, పడెయ్యి, అదీ పడేసి వదిలించుకో అంటుంది. పడేస్తాడు. ఆమె పొయ్యి మూత వేస్తుంది. ఇంత పెరిగిన మనిషివి, అంటుంది.

ఈ ఘట్టంలో పైకి కనిపించే క్రూరత్వం ఎవరికైనా కనిపిస్తుంది. నన్ను పట్టుకున్నది ఆ ఐదు సెంట్లు. ఊరికే ఏడిపించాలనుకుంటే టిక్కెట్ చూపించి కాల్చేస్తే సరిపోయేది. ధర చెప్పడమెందుకు? ఎందుకంటే ధర పెట్టాక అది దుర్మార్గం కాదు, బేరం. తను న్యాయమైన రేటు అడిగాడు, అవతలివాడు ఇవ్వలేకపోయాడు, లెక్క సరి. జేసన్ తనని తాను క్రూరుడిగా చూసుకోడు. ప్రపంచంలో అందరూ తనకి బాకీ ఉన్నారు, తను వసూలు చేసుకుంటున్నాడు, అంతే. మరో సంగతి: నవలలో ఈ శుక్రవారం కంటే ముందు మనం చదివేది శనివారం, బెంజీ భాగం. అందులో లస్టర్, షో చూడ్డానికి ఉంచుకుని పోగొట్టుకున్న పావు డాలర్ కోసం గడ్డిలో వెతుకుతూనే ఉంటాడు. పొయ్యిలో కాలిన కాగితం ఖరీదు మనకి ముందే తెలుసు, జేసన్‌కి తెలియదు.

బాకీల చిట్టాలో మొదటి పేరు క్యాడీది. ఆమె పెళ్ళాడిన హెర్బర్ట్ హెడ్, బావమరిదికి తన బ్యాంకులో ఉద్యోగం ఇస్తానన్నాడు. పుట్టబోయే బిడ్డ తనది కాదని తెలిసి క్యాడీని వదిలేశాడు, ఉద్యోగం గాలికెగిరిపోయింది. క్యాడీ ఇంటికి రాకూడదన్నారు, పాప మాత్రం ఈ ఇంట్లో పెరిగింది. తండ్రి పోయినప్పుడు క్యాడీ దొంగతనంగా వచ్చి, పాపని ఒక్క నిమిషం చూపించమని జేసన్‌కి వంద డాలర్లిస్తుంది. అతను గుర్రబ్బండి మాట్లాడుకుని, పాపని ఎత్తుకుని, క్యాడీ నిలబడ్డ చోటికి రాగానే కిటికీలోంచి చూపించి, బండి ఆపకుండా తోలించేస్తాడు. ఆమె వెనకాల పరిగెడుతుంది. నిమిషం అన్నావు, చూపించాను అన్నది అతని వాదన. ఆ రాత్రి డబ్బు మళ్ళీ లెక్కపెట్టుకుని, ఇప్పుడు ప్రాణం కుదుటపడింది, నా ఉద్యోగం పోగొట్టి తప్పించుకోలేవని తెలిసొచ్చి ఉంటుంది అనుకుంటాడు.

ఆ తర్వాత క్యాడీ కూతురి కోసం ప్రతి నెలా చెక్కు పంపిస్తుంది. చెడిపోయినదాని డబ్బు ముట్టనన్న తల్లి, ఆ చెక్కుల్ని కన్నీళ్ళతో తగలబెడుతుంది. తగలబడేది జేసన్ తయారుచేసిన దొంగ చెక్కు. అసలుది అతను మార్చుకుని గదిలో పెట్టెలో దాచుకుంటాడు. ఆ శుక్రవారం క్యాడీ నుంచి యాభై డాలర్ల మనీ ఆర్డర్ వస్తే, మొత్తం కనబడకుండా పిల్ల చేత సంతకం పెట్టించుకుని పది డాలర్లు చేతిలో పెడతాడు. ఇంతా చేసి, ఈ ఇంట్లో తిండికి కష్టపడేది నేనొక్కణ్ణేనని రోజంతా అంటూనే ఉంటాడు. హార్వర్డ్‌కి వెళ్ళడానికో తాగి చావడానికో నాకు తీరికేదీ, నాకు పనుందిగా అంటాడు. ఇల్లు నడిపేది నేను కదా అని ఇంటిల్లిపాదినీ దబాయించే మగవాడు మనకి ఎక్కడో తగిలే ఉంటాడు. జేసన్‌లో ఉన్న అదనపు సొగసు, తన పెట్టెలో పోగవుతున్నది తను తిట్టే ఆడదాని డబ్బే కావడం.

ఇక్కడ జేసన్‌కి వకాల్తా పుచ్చుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళ వాదనని కొట్టిపారేయలేం. పెద్దవాణ్ణి హార్వర్డ్ పంపడానికీ క్యాడీ పెళ్ళికీ కలిపి బెంజీకి ఇష్టమైన పచ్చికబయలు అమ్మేశారు. జేసన్‌కి ఏమీ మిగల్లేదు. తండ్రి తాగుబోతు, తల్లి మంచం దిగని రోగిష్టి, పైగా నువ్వొక్కడివే మా పుట్టింటి పోలిక అని ముద్దుచేస్తూనే మెడకి ఉరేసిన మనిషి. అన్యాయం జరిగింది, నిజమే. కానీ నాలుగో భాగంలో ఒక వాక్యం ఈ సానుభూతి ఎక్కడ ఆగిపోవాలో చూపిస్తుంది. డబ్బు ఎత్తుకుపోయిన మేనకోడలి వెంట కారేసుకుని పడుతున్నప్పుడు జేసన్ ఆ పిల్ల గురించి గానీ ఆ డబ్బు విలువ గురించి గానీ ఆలోచించడట. పదేళ్ళుగా ఆ రెంటికీ అతని లెక్కలో సొంత ఉనికే లేదు. రాకముందే చెయ్యిజారిన ఆ బ్యాంకు ఉద్యోగానికి అవి గుర్తులు, అంతే. చేతిలో పెరిగిన పిల్ల పదిహేడేళ్ళు ఒక ఉద్యోగానికి రసీదుగా బతికింది. గాయపడ్డవాడని జాలిపడొచ్చు గానీ, ఆ గాయం పేరు చెప్పి ఎవరెవరి దగ్గర ఎంత వసూలు చేశాడో చూడకుండా జాలిపడితే మనమూ అతని లెక్కలే రాస్తున్నట్టు.

పత్తి వ్యాపారం సంగతి కూడా ఇదే. జేసన్ న్యూయార్క్ మార్కెట్లో ఫ్యూచర్స్, అంటే రాబోయే ధర మీద పందెం లాంటి బేరాలు, ఆడతాడు. ధర ఎటు పోతుందో చెప్పమని న్యూయార్క్‌లోనే ఒకళ్ళకి డబ్బు కట్టి, ఆ న్యూయార్క్ యూదులు మోసం చేస్తున్నారని ఇక్కడ తిట్టుకుంటాడు. ఆ రోజు ధర పడుతున్నప్పుడు టెలిగ్రాఫ్ ఆఫీసులో కూర్చోవలసినవాడు, షో కంపెనీ ఎర్ర టై కుర్రాడితో తిరుగుతున్న మేనకోడల్ని పట్టుకోవాలని ఊరి బయట పొదల్లో పడి తిరుగుతాడు. పెట్రోలు వాసనకి తలనొప్పి, కర్పూరం తెచ్చుకోవడం మరిచిపోయాడు. పొదల్లోంచి తిరిగొచ్చేసరికి ఆ ఇద్దరూ ఇతని కారు టైరులో గాలి తీసేసి వెళ్ళిపోయారు. ఇటు పత్తిలో డబ్బు పోయింది. ఎవరి వల్ల? యూదుల వల్ల, టెలిగ్రాఫ్ వాళ్ళ వల్ల, నికరాగువాలో సైన్యాన్ని మేపుతున్న వాషింగ్టన్ వల్ల. తన పేరు మాత్రం ఆ జాబితాలోకి రాదు.

ఈ ద్వేషం జేసన్ సొంతంగా కనిపెట్టినదేమీ కాదు. 1915లో జార్జియాలో లియో ఫ్రాంక్ అనే యూదు మేనేజర్ని గుంపు జైల్లోంచి లాక్కొచ్చి ఉరితీసింది. 1920 నుంచి హెన్రీ ఫోర్డ్ తన సొంత పత్రికలో యూదుల కుట్రల మీద వరసగా రాతలు రాయించి, 1927లో గానీ క్షమాపణ చెప్పలేదు. ఊళ్ళో పత్తిరైతు మునిగిపోయిన మాటా నిజమే. 1927 మిసిసిపీ వరద డెల్టాని ముంచేసింది. జేసన్ మాట్లాడేటప్పుడు ఆ వరదా వస్తుంది, రైతు నడుం వంగిపోవడమూ వస్తుంది. నిజమైన కష్టాన్ని ముందు పెట్టి దాని వెనక అబద్ధపు దోషిని నిలబెట్టడం అతనికి బాగా తెలుసు. దానికితోడు, మా తాతలు బానిసల్ని ఏలుతున్నప్పుడు మీరంతా చిల్లరకొట్లు నడుపుకునేవాళ్ళు అని ఊరి మీద విసుర్లు. తాతలు నేతులు తాగారు, ఇతను కొట్లో మేకులమ్ముతున్నాడు. ఆ తేడాకి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి కదా.

పాత్ర మాటలు రచయిత మాటలు కావని అందరం ఒప్పుకుంటాం. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ ఒక్క వాక్యంతో ఫాక్నర్‌ని తప్పించెయ్యడం నాకు నచ్చదు. 1949 నోబెల్ అందుకున్న ఈ పెద్దమనిషి, 1956లో లైఫ్ పత్రికలో ఉత్తరాది వాళ్ళకి ఒక ఉత్తరం రాస్తూ, వర్ణవివక్ష తీసేసే పనిలో కాస్త ఆగండి, మెల్లగా పోండి అన్నాడు. ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లపిల్లవాణ్ణి మిసిసిపీలో చంపేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ అదే ఏడాది గట్టిగా జవాబిచ్చాడు: ఆగమనేవాళ్ళు చెప్పే ఆ తర్వాతి కాలం ఎప్పటికీ రాదని, ఉన్నది ఇప్పుడేనని. జేసన్‌ని అంత కచ్చితంగా చూడగలిగిన కన్ను తన కాలాన్ని అంత కచ్చితంగా చూడలేకపోయింది.

నవలలోనూ ఆ లోపం జాడ ఉంది. ముగ్గురు తెల్ల అన్నదమ్ములకీ మూడు గొంతులిచ్చాడు. క్యాడీకి ఇవ్వలేదు, డిల్సీకి ఇవ్వలేదు. నాలుగో భాగం డిల్సీ వెంట నడుస్తుంది, కానీ బయటినుంచి. జేసన్ ఏమనుకుంటున్నాడో వంద రకాలుగా తెలిసిన మనకి, ఈస్టర్ ఆదివారం చర్చిలో కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటున్న డిల్సీ ఏమనుకుంటోందో ఆమె నోటి ముక్కలు కొన్ని తప్ప తెలియదు. దీన్ని గౌరవంగా దూరం జరగడం అని కొందరంటారు. నాకు మాత్రం ఆ తలుపు తెరవడం ఫాక్నర్‌కి చేతకాలేదనే అనిపిస్తుంది. జేసన్ భాగంలోనే ఆమె ఒకచోట, నువ్వు అసలు మనిషివయితే, చల్లటి గుండె ఉన్న మనిషివి జేసన్, నల్లదైనా నా గుండె అంతకన్నా పెద్దదే, దేవుడి దయ, అంటుంది. ఆ ఒక్క మాట చెప్పగలిగిన మనిషికి ఒక భాగం ఇచ్చుంటే ఎలా ఉండేదో.

ఆదివారం జరిగేది చిన్న న్యాయం. మేనకోడలు పెట్టె పగలగొట్టి డబ్బు పట్టుకుని ఎర్ర టై వాడితో ఉడాయించింది. జేసన్ షెరీఫ్ దగ్గరికి పరిగెత్తి మూడు వేలు పోయాయంటాడు. షెరీఫ్ కదలడు. ఆ పిల్లని ఇంట్లోంచి తరిమింది నువ్వే, ఆ డబ్బు ఎవరిదో కూడా నాకు అనుమానాలున్నాయి అంటాడు. 1946లో ఫాక్నర్ ఈ నవలకి చేర్చిన అనుబంధంలో అసలు లెక్క బయటపెడతాడు: పోయింది దాదాపు ఏడు వేలు. అందులో నాలుగు వేలు ఆ పిల్ల డబ్బే, ఇతను కొట్టేసింది. ఆ మాట ఒప్పుకోకుండా మొత్తం పోయిందని చెప్పలేడు. జీవితమంతా బాకీలు రాసుకున్నవాడు తనకి పోయిన అంకె ఎంతో నోరు విప్పి చెప్పుకోలేని పరిస్థితి. ఆ అనుబంధంలోనే జేసన్‌ని కాంప్సన్లలో తొలి మతిగలవాడు అని కూడా అంటాడు ఫాక్నర్. వెక్కిరింపే, కానీ పూర్తిగా వెక్కిరింపు కాదు. జేసన్‌కి మతి ఉంది, లెక్కా వచ్చు. పిచ్చివాడు అని మనం తప్పించుకోవడానికి వీల్లేకుండా చేశాడు.

కొత్తగా చదవబోయేవాళ్ళకి ఒక మాట. మొదటి రెండు భాగాలూ కొరుకుడు పడక, సులువుగా ఉందని జేసన్ భాగం ముందు చదివేస్తామంటారు కొందరు. అలా చెయ్యకండి. బెంజీకి క్యాడీ దగ్గర చెట్ల వాసన వచ్చేదని, ఆమె వెళ్ళిపోయాక గేటు దగ్గర నిలబడి వాడు ఎందుకు ఏడుస్తాడో తెలియకుండా ఇతని దగ్గరికొస్తే, క్యాడీ అంటే జేసన్ చెప్పిన క్యాడీయే అవుతుంది. అతను భలే మాటకారి, నమ్మేస్తారు. బెంజీ భాగం అర్థం కాకపోయినా ఫరవాలేదు, చివరిదాకా లాగండి. జేసన్ దగ్గరికొచ్చేసరికి అతనికి తెలియని సంగతులు కొన్ని మీకు తెలిసి ఉంటాయి. ఆ భాగం చదవడానికి అవి చాలు.